కరెంటు వచ్చిన వేళ

ఆ వీధిలో అందరూ ఆమెను బొత్తాల వదిన అంటారు. బడిపిల్లల చొక్కాలు కుట్టి కుట్టి ఆ పేరు వచ్చింది. మేడ మీద ఓ మూల స్నానాలగది ఉన్న ఒకటే గది. అందులోనే కుట్టుమిషను, మంచం, పొయ్యి, గుట్టలుగా గుడ్డలు, వాటి మధ్య మతి తప్పిన అత్త. అత్తకు కాళ్ళు బాగానే ఆడతాయి, దారే గుర్తుండదు. ఓసారి లారీల మధ్య నుంచి లాక్కొచ్చారు. అప్పటినుంచి మొగుడు పనికి పోయాక వదిన బయటికెళ్తే తలుపుకు తాళం పడాల్సిందే. వేసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. అయినా వేస్తుంది.

ఆ ఇంట్లో ఇంకో అలవాటుంది. కరెంటు పోతే ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపరు. వచ్చేదే కాసేపు, వచ్చీ రాగానే పెట్టె వేడెక్కితే నాలుగు చొక్కాలైనా అవుతాయని ఆశ. నిలబెట్టి ఉంచితే ఏమవుతుందిలే అనేది వదిన. రోజూ నిలబెట్టే ఉంచేది.

ఆ మధ్యాహ్నం చొక్కా చేతులు రుద్దుతుండగా కరెంటు పోయింది. సరిగ్గా అప్పుడే అత్త లేచి తలుపు దగ్గరికి నడిచింది.

"మా ఇంటికి పోతా."

"ఇదే మీ ఇల్లు అత్తయ్యా."

"చెప్పొచ్చావులే! మా అమ్మ ఎదురుచూస్తుంటుంది."

"మీ అమ్మకి నేను కబురు పెడతా. ముందు కూర్చోండి మహాతల్లీ!"

పెట్టెను చొక్కా మీదే వదిలేసి, వదిన అత్తను పొదివి పట్టుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టింది. బొత్తాలు అయిపోయిన సంగతి గుర్తొచ్చింది. ఇలా వెళ్ళి అలా వచ్చేద్దామని తాళం వేసి మెట్లు దిగింది.

కొట్లో ఉక్క పోస్తోంది. కొట్టాయన అట్టముక్కతో విసురుకుంటున్నాడు.

"ఈసారైనా గట్టివి తీసుకో వదినా. నీ చొక్కాలు తొడుక్కున్న పిల్లలంతా పొట్టలు చూపించుకుంటూ తిరుగుతున్నారు."

"తప్పు బొత్తాలది కాదన్నయ్యా, నువ్వమ్మే దారానిది."

ఆయన పకపకా నవ్వాడు. అంతలో తలమీద ఫ్యాను కిర్రుమంటూ తిరిగింది.

"హమ్మయ్య, దయచేశాడు మహానుభావుడు!"

చల్లగాలికి వదినకూ హాయిగానే అనిపించింది. ఆ వెంటనే, చొక్కా మీద బోర్లా పడున్న పెట్టె కళ్ళముందు కదిలింది. పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిసంచి బల్లమీదే వదిలేసి పరుగెత్తింది. కొట్టాయన వెనక నుంచి ఏదో అరుస్తున్నాడు. చెప్పు ఒకటి జారిపోయింది. ఆగలేదు.

వీధి మలుపు తిరిగేసరికి కిటికీలోంచి నల్లటి పొగ.

"అత్తయ్యా!"

మెట్లెక్కి తలుపు మీద పడింది. నడుము తడుముకుంది. తాళంచెవి లేదు. అది కొట్లో వదిలేసిన సంచిలోనే ఉంది. వేసిన చెయ్యి తనదే, తీయలేని చెయ్యీ తనదే. గోళ్ళతో తాళాన్ని పీకింది. తలతో తలుపును మోదింది.

"అత్తయ్యా, పలకండి!"

లోపల దగ్గు వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

కింద గేట్లు తయారుచేసే బాబాయ్ గునపంతో వచ్చాడు. ఆయన వెనక పక్కింటి పిన్ని బకెట్టుతో వచ్చి కిటికీలోంచి నీళ్ళు కొట్టబోయింది.

"ఆగు తల్లీ! కరెంటుంది లోపల. కింద మెయిన్ ఆపు, ఫైరింజనుకి ఫోన్ చెయ్యి!" అని బాబాయ్ కసిరాడు. గునపం బిగించి రెండు పోట్లు వేశాడు. మూడో పోటుకు గొళ్ళెం ఊడింది. "మెయిన్ ఆపేశా!" అని కిందనుంచి పిన్ని అరిచింది.

వదిన తలుపు తోయబోతే బాబాయ్ జబ్బ పట్టి పక్కకు లాగాడు. "ఎదురుగా నిలబడకు. మంట బయటికి ఎగదన్నుతుంది." తలుపును కాలితో మెల్లగా నెట్టాడు. మంట రాలేదు, పొగే బుసకొట్టింది. "నేను పోతా, నువ్వుండు."

"మా అత్త కొత్తవాళ్ళని చూస్తే దాక్కుంటుంది బాబాయ్. నేనే పోవాలి."

బకెట్లో చున్నీ ముంచి ముక్కుకు చుట్టుకుంది. నేలకు ఆనుకుని పాకింది. మూలన మిషను బల్ల, గుడ్డల గుట్టలు భగభగమంటున్నాయి. మంచం మీద ఎవరూ లేరు. మంచం కింద తడిమింది. లేదు. ఊపిరి అందడం లేదు. స్నానాలగది గడప దగ్గర చేతికి మెత్తగా ఓ పాదం తగిలింది. వెచ్చగా ఉంది. ఆ పాదాన్నే పట్టుకుని ఈడ్చింది. ఎంత దూరం ఈడ్చిందో ఆమెకు తెలియదు. బాబాయ్ చేతులు ఇద్దరినీ బయటికి లాగేశాయి.

ఫైరింజను వచ్చేసరికి గదిలో మిగిలింది గోడలూ బూడిదా. అత్తను ఆసుపత్రికి తీసుకెళ్తే, పొగ పట్టింది తప్ప ప్రాణానికి భయం లేదన్నారు.

సాయంత్రం పిన్ని వాళ్ళ వరండాలో అత్త పడుకుని ఉంది. వదిన అరచేతులకు కట్లు. పని నుంచి పరుగెత్తుకొచ్చిన మొగుడు తలపట్టుకుని కూర్చున్నాడు.

"ఎక్కడైనా గది చూస్తా. ముందు తలుపూ తాళమూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి తీసుకుంటా."

"తాళం వద్దు."

"మరి రోడ్డు మీదికి పోతే?"

తాళం వేస్తే మంట, వేయకపోతే లారీలు. ఎటు చూసినా వదినకు అత్త చావే కనిపిస్తోంది.

ఇంతలో అత్త లేచింది. కాలి కంతలు పడిన చీరతోనే గుమ్మం వైపు నడిచింది.

"ఎక్కడికే అమ్మా, కూర్చో!" అన్నాడు కొడుకు.

"మా ఇంటికి."

వదిన లేచింది. కట్టు కట్టిన చేతిని అత్త చంకలో దూర్చింది.

"పదండి అత్తయ్యా, వెతుకుదాం."