బిందు రాయని ఫారం

రమణి దొండకాయలు తరుగుతూ పక్కన పెట్టుకున్న ఫారాలు తిరగేస్తోంది. కొత్తపేటలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో ఆమె కుట్టు టీచరు. పదో తరగతి తర్వాత ఎవరు ఏ పని నేర్చుకుంటారో పిల్లల చేత రాయించి సోమవారం ఇమ్మన్నారు హెడ్మాస్టరు గారు. "ఆడపిల్లలే కదండీ, కుట్టో టైపో రాయించెయ్యండి" అన్నారు. నలభై మంది అలాగే రాసిచ్చారు. బిందు మాత్రం ఖాళీగా ఇచ్చింది.

"ఏమ్మా, రాయలేదే?" అని మధ్యాహ్నం అడిగితే ఆ పిల్ల తల వంచుకుని, "ఏమేం ఉన్నాయో చూడకుండా ఎలా రాయమంటారండీ?" అంది.

భర్త కనకరాజు కాఫీ గ్లాసు కింద పెడుతూ ఆ ఫారం చూశాడు. "కుట్టు అని నువ్వే రాసెయ్. దీనికింత ఆలోచనేంటి?"

రాసెయ్యడం ఆయనకి తేలికే. పదేళ్ళ కిందట, తొంభై ఒకటిలో, రమణికి ఐ.పోలవరంలో లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చింది. "అంత దూరం పోతే ఇంటి పనెవరు చూస్తారమ్మా?" అన్నారు అత్తగారు వెంకటరమణమ్మ. రెండో రోజుకల్లా ఆయన, చేరలేనని ఉత్తరం రాసి, ఆమె సంతకం కూడా తనే పెట్టి పంపేశాడు. "నీకు కష్టమవుద్దని రాసేసేను" అన్నాడు, మేలు చేసినవాడిలా. కన్నతల్లి కూడా ఆయన్నే సమర్థించింది. ఇంక చెప్పుకోవడానికి ఎవరూ మిగల్లేదు. తర్వాత ఈ బళ్ళో కుట్టు చెప్పే పని ఖాళీ అయితే, వంట చేసి వెళ్ళొచ్చని ఆయనే చేర్పించాడు. అప్పట్నుంచీ కాజాలు కుట్టడం చెబుతూనే ఉంది. లెక్కలంటే తనకెంత ఇష్టమో ఇప్పుడు బళ్ళోనూ ఎవరికీ తెలియదు, ఇంట్లోనూ ఎవరికీ గుర్తులేదు.

మర్నాడు శనివారం. వంట చేసి, బడికి సెలవు చీటీ పంపి, నేరుగా బిందు ఇంటికి వెళ్ళింది. వాళ్ళమ్మ సూరమ్మ కొబ్బరి పీచు ఆరబోస్తోంది.

"అమలాపురంలో ఐటీఐ చూపించి తీసుకొస్తానండీ."

"ఆయ్, మీరు తీసికెళ్తానంటే నాకేం భయమండీ. తీసికెళ్ళండి."

ఐటీఐ షెడ్డులో ఒక మాస్టారు విప్పిన మోటారు చూపించారు. ఆడపిల్లలు చేరకూడదని రూలేం లేదట, ఇన్నాళ్ళూ ఎవరూ వచ్చి అడగలేదట. బిందు చేతుల నిండా గ్రీజు.

"టీచరు గారండీ, తీగ మాడిపోతే మళ్ళీ చుట్టొచ్చంటండీ!"

రమణి సంచిలోంచి ఫారం తీసి ఇచ్చింది. బల్ల మీదే పెట్టుకుని 'ఎలక్ట్రీషియన్' అని రాసింది బిందు.

బస్సు దిగేసరికి సూరమ్మ రోడ్డు మీదే ఎదురుచూస్తోంది. తల్లీకూతుళ్ళు మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. రమణి ఒక్కతే ఇంటివైపు నడిచింది. ఆ తీగ ఎలా చుడతారో, ఎన్ని చుట్లకి ఎంత లెక్కో బస్సులో కూర్చుని మనసులో అంతా వరసగా పేర్చుకుంది. ఎవరికి చెప్పాలో మాత్రం తెలియలేదు.

అత్తగారు మొహం తిప్పుకున్నారు. కనకరాజు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"బళ్ళో లేవంట. ఎక్కడికెళ్ళేవు? ఎవర్నడిగి వెళ్ళేవు?"

రమణి కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చింది.

"అమలాపురం వెళ్ళేనండీ. ఎవర్నీ అడగలేదు. ఫారాలు సోమవారం ఇవ్వట్లేదు. వచ్చే శనివారం మిగతా నలభై మందినీ తీసుకెళ్తున్నాను."