కాలర్‌కి నలభై రెండు సెకన్లు

చొక్కాల ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని సెకన్ల సారు అనేవారు. ముఖం మీద కాదు లెండి, వెనకాల. మెడలో స్టాప్‌వాచ్ వేలాడేసుకుని, ఎవరు ఎన్ని సెకన్లలో కాలర్ కుడుతున్నారు, ఎన్ని సెకన్లలో జేబు అతుకుతున్నారు అని కొలవడమే ఆయన ఉద్యోగం. ఎవరి కొలత మర్నాటి నుంచి వాళ్ల నెత్తిన కూర్చునేది. అలాంటివాడి పక్కన కూర్చుని ఎవరు అన్నం తింటారు చెప్పండి?

పెద్దమ్మ తినేది. కాలర్ల బల్ల దగ్గర ఇరవై నాలుగేళ్లుగా కుడుతున్న మనిషి, ఫ్యాక్టరీ మొత్తానికీ పెద్దమ్మే.

సారుకి ఓ పిచ్చి ఉంది, చిన్న కథలు రాసేవాడు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పే వేళకి కాగితాలు తెచ్చి ఆవిడకి చదివి వినిపించేవాడు. ఆవిడ చదివింది అయిదో తరగతే గానీ చెవి మహా చురుకు. "ఈ వానంతా ఎందుకు నాయనా? ఆ పిల్ల ఉత్తరం చదువుకుంటోంది కదా, చదువుకోనీ. కాలర్‌లో బట్ట ఎక్కువైతే మెడ దగ్గర ముడత పడుతుంది" అనేది. సారు మూతి ముడుచుకునేవాడు. ఇంటికెళ్లాక ఆ వాన కొట్టేసేవాడు, కథ బాగుపడేది. బాగోలేనిదాన్ని బాగోలేదని మొహాన చెప్పే మనిషి ఆయనకి ఆవిడొక్కతే. పత్రికలవాళ్లు ఆ మాటైనా చెప్పకుండా తిప్పి పంపేవారు.

ఆ ఏడు మేనేజరు కొలతలన్నీ మళ్లీ తీయమన్నాడు. కొత్త కొలత అందుకోలేనివాళ్లని రెండు నెలలు చూస్తారు, మూడో నెల ఇంటికి పంపేస్తారు. పాతికేళ్లు నిండి పింఛను రావడానికి పెద్దమ్మకి ఇంకా ఎనిమిది నెలలుంది.

ఇక్కడో సంగతి చెప్పాలి. స్టాప్‌వాచ్ కనబడగానే కుట్టేవాళ్ల చేతులు బరువెక్కిపోతాయి. దారం చూసుకుంటారు, సూది తుడుచుకుంటారు, లేని దగ్గు దగ్గుతారు. వేగంగా కుట్టి దొరికిపోతే రేపటి నుంచి అదే వేగంతో చావాలి కదా! తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని, దానికీ ఓ ఉపాయం ఉంది. కావాలని నిదానిస్తున్నారనిపిస్తే వచ్చిన సెకన్లలో కొంత కోసి రాస్తారు. ఎంత కోయాలన్నది కొలిచేవాడి కంటికే వదిలేశారు. మనుషుల్ని చదవడంలో తనంతటివాడు లేడని సారుకి మహా ధీమా. కథలు రాసేవాడు మరి!

కాలర్ల బల్ల మీద ఆరుగురున్నారు. అయిదుగురూ ఎప్పటిలాగే నాటకమాడారు, సారు నవ్వుకుంటూ కోసేశాడు. ఆరో మనిషి పెద్దమ్మ. మూడేళ్ల కింద ఆయనే కొలిస్తే ఒక్కో కాలర్ నలభై సెకన్లలో కుట్టిన మనిషి. ఇవాళ యాభై రెండు! బట్ట మీదకి వంగిపోయి, అంచుని వేలితో తడిమి తడిమి మరీ సూది కిందకి తోస్తోంది. 'అమ్మ పెద్దమ్మా, వీళ్లందరికంటే నువ్వే బాగా నటిస్తున్నావే!' అనుకున్నాడు. ఆవిడ మీద ముచ్చటే వేసింది. పది సెకన్లు కోసి, ఆవిడ పేరు పక్కన కాలర్‌కి నలభై రెండు అని రాసి సంతకం పెట్టేశాడు.

అయిదుగురూ కొత్త కొలతని తిట్టుకుంటూనే అందుకున్నారు. పెద్దమ్మ అందుకోలేదు. మొదటి నెలా అంతే, రెండో నెలా అంతే. మూడో నెల మొదట్లో పనిలోంచి తీసేశామని ఆవిడ చేతికి కాగితం ఇచ్చారు.

సారు పరిగెత్తుకుంటూ బల్ల దగ్గరికి వచ్చాడు. "ఏంటి పెద్దమ్మా ఇది? నాటకం చాలించి కాస్త వేగంగా కుట్టొచ్చు కదా!"

ఆవిడ తలెత్తింది. చూపు ఆయన ముఖం మీద ఆనలేదు, భుజం దగ్గరెక్కడో ఆగిపోయింది. "కళ్లు పోతున్నాయి నాయనా. ఏడాదిన్నరైంది. తెలిస్తే మిషన్ మీంచి లేపేస్తారని ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నా చేతనైనంత వేగంగా కుట్టాను. నీ దగ్గర కూడా నాటకమేంటి అనుకున్నాను. యాభై రెండు రాస్తావు, ఆ ఎనిమిది నెలలూ ఎలాగోలా లాక్కొస్తాను అనుకున్నాను."



సారు నేరుగా మేనేజరు గదికి వెళ్లాడు. కొలత తప్పని, తప్పు తనదేనని బతిమాలాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? మేనేజరు చార్టు ఇటు తిప్పి చూపించాడు. "తప్పెలా అవుతుందండీ? అయిదుగురు అందుకుంటున్నారు. బల్ల మొత్తం మీద గంటకి పదిహేను కాలర్లు పెరిగాయి. ఇన్నేళ్లలో మీరు తీసిన కొలతల్లో ఇదే మంచిది." అబద్ధమేమీ లేదు, ప్రతి అంకె నిజమే. మరి కళ్ల సంగతి చెబుదామా అంటే, అది చెప్పిన మరుక్షణం ఆవిణ్ణి మిషన్ మీంచి లేపేస్తారు. ఎటు పోయినా గొయ్యే. ఏం చెప్పకుండానే బయటికొచ్చాడు, తనని తాను తిట్టుకుంటూ.

సాయంత్రం గంట కొట్టాక పెద్దమ్మ తన కత్తెరా క్యారేజీ సర్దుకుంది. సారు పక్కనే నిలబడి, "నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే" అన్నాడు. అనేశాక సిగ్గుతో చచ్చిపోయాడు.

"నీ ఎదురుగానే కుట్టాను కదా నాయనా" అందావిడ. కోపం లేదు, అదే ఆయనకి భరించలేకుండా ఉంది. "మూడేళ్లు నీ కథలు విన్నాను. నువ్వు చిన్నబుచ్చుకుంటావని తెలిసీ ఏనాడైనా ఒక్కదానికి అబద్ధం చెప్పానా? అలాంటిది కాలర్ దగ్గర చెప్తానని ఎలా అనుకున్నావు?"

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. మెట్ల దగ్గరికి వచ్చి కమ్మీ కోసం గాలిలో చెయ్యి చాపింది. రోజూ ఇవే మెట్ల మీద ఆవిడ పక్కనే దిగేవాడు, ఆ చెయ్యి ఒక్కనాడూ చూడలేదు. ఇవాళ వెళ్లి పట్టుకున్నాడు. ఆవిడ వదిలించుకోలేదు. పాదంతో అంచు తడుముకుంటూ ఒక్కో మెట్టే దిగుతోంది. వెనకాలవాళ్లు విసుక్కుంటూ పక్కనుంచి వెళ్లిపోతున్నారు.

"ఇంకెన్ని మెట్లున్నాయి నాయనా?" అని అడిగింది, మెల్లగా, ఎవరికీ వినపడకుండా.

"నాలుగు, పెద్దమ్మా" అన్నాడు, ఏడుపు ఆపుకోలేక.