కోడలు పలకకూడని పేరు

ఉన్నిని చాప మీద పరిచి, మరిగే నీళ్లు పోసి, చాపతో సహా చుట్టి, ఆ చుట్టని మోచేతులతో దొర్లిస్తూ నొక్కాలి. మధ్యలో ఆపితే ఉన్ని గట్టిపడదు. అలా నొక్కీ నొక్కీ నా మోచేతుల దగ్గర చర్మం కాయలు కాసి నల్లబడిపోయింది. మొన్న చుట్టాలందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు మా ఆయన మేదెర్ నా చెయ్యి పైకెత్తి చూపించాడు. "మా ఆవిడకి చేతులు కావర్రా, డెక్కలు!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే పొగరంటారు.

ఆ డెక్కలే ఈ ఇంటిని నిలబెట్టాయి. నేను కాపురానికొచ్చిన కొత్తలో సర్కారు గొర్రెల ఫారం ఎత్తేసి ఇంటికిన్ని గొర్రెలని పంచిపెట్టారు. మా వాళ్లు రెండు చలికాలాల్లో వాటిని కోసుకుతిన్నారు. ఫారంలో అధికారిగా వెలిగిన మామగారు ఆ దిగులుతోనే పోయారు. "మళ్లీ పాత రోజులొస్తాయి, చూస్తూండు" అంటూ మేదెర్ గడప మీద పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ కూర్చున్నాడు. కొనే నాథుడు లేక మా ఊరు నారిన్‌లో జనం ఉన్నిని కాలవల్లో పారేస్తుంటే, దాన్ని ఏరుకొచ్చి, కడిగి, ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులు చేసి, రాజధాని బిష్కెక్ బజారులో మంచులో నిలబడి అమ్మింది నేను. ఇవాళ నాతో పదకొండు మంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. అందరూ ఈ వంశంలో కోడళ్లే.

సంస్థని రిజిస్టర్ చేయించే రోజున నాకు ఒళ్లు కాలిపోయే జ్వరం. మేదెర్ వెళ్లాడు. తనే యజమానినని రాయించుకుని, సంస్థకి వాళ్ల నాన్న పేరు పెట్టుకొచ్చాడు. కొచ్కోర్‌బాయ్. "ఆడదాని పేరు పెడితే ఎవడు కొంటాడే?" అన్నాడు. అత్తయ్య కళ్లు తుడుచుకుంది. ఆ పేరు రాయడానికి నాకు అడ్డులేదు, నోట మాత్రం రాకూడదు. మా కిర్గిజ్ కోడళ్లం మామగారి పేరు పలకం. కొచ్కోర్ అంటే పొట్టేలు కాబట్టి, పందొమ్మిదేళ్లుగా పొట్టేలుని కూడా నేను 'మందకి పెద్ద' అనే అంటున్నాను. ఇప్పుడు నా చేతులతో కట్టుకున్న సంస్థ పేరు కూడా నా నోటికి నిషేధమైపోయింది.

పోయిన శరత్కాలంలో ఆడవాళ్ల వ్యాపారాలకి యంత్రాలిచ్చే వాళ్లు ఊళ్లోకొచ్చారు. ఉన్ని ఏకే యంత్రం ఒకటి వస్తే మా బతుకులే మారిపోతాయి. చేత్తో పది రోజులు ఏకేది అది పూటలో ఏకుతుంది. దరఖాస్తులో నిర్వాహకురాలిగా నా పేరు రాశాడు మేదెర్. నిజంగా నేనే నడుపుతున్నానో లేదో చూడాలని వాళ్ల ఆఫీసరమ్మ అతన్ని బయటికి పంపింది. పెద్దావిడ కనక అత్తయ్యని పొమ్మనలేకపోయింది.

"మీ సంస్థ పేరేంటమ్మా?" అని ఫోను నా ముందు పెట్టింది.

"గోడ మీద రాసుంది చూడండి."

"మీ నోటితో చెప్పాలి. రికార్డవుతోంది."

పేరు గొంతు దాకా వచ్చింది. అత్తయ్య టీ పొయ్యడం ఆపి నా పెదాల వంకే చూస్తోంది. "మందకి పెద్ద ఎవరో..." అని మొదలెట్టి ఆగిపోయాను. కిటికీ అవతల నుంచి మేదెర్ పకపకా నవ్వాడు. "దానికేం తెలుసు మేడం, ఉన్ని పిసికే మనిషి. పనిచేసే కంపెనీ పేరు కూడా తెలీదు! నన్నడగండి."

కారు దాకా ఆఫీసరమ్మ వెంట పరిగెత్తాను. చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపింది. "నాకు తెలుసు చెల్లీ. నేనూ మా మామగారి పేరు పలకను. కానీ దరఖాస్తు కాగితంలో దానికి గడి లేదు." నాకు వ్యాపారం గురించి తెలియదని రాసేసింది. యంత్రం కుటుంబ వ్యాపారాల కింద మేదెర్ పేరున మంజూరైంది. ఆ రాత్రంతా నాకు ఆవిడ మీద కాదు, అతని మీద కూడా కాదు, నా గొంతు మీద అసహ్యం వేసింది.

వసంతంలో యంత్రం దిగింది. మేదెర్ దాన్ని అలంకరించాలనుకున్నాడు. ఉన్ని వేసే వెడల్పాటి పళ్లెం తప్ప రాయడానికి నున్నటి చోటు కనపడలేదు కాబోలు, దాని మీద ఎర్ర రంగుతో జానెడేసి అక్షరాల్లో తండ్రి పేరు రాశాడు. గొర్రెని కోసి వంశం మొత్తాన్నీ పిలిచాడు. అత్తయ్య ఆ అక్షరాలని ముద్దు పెట్టుకుంది. అందరి ముందూ మేదెర్ ఇరవై రోజుల్లో నాలుగు వందల జతల చెప్పులిచ్చే ఆర్డరుకి ఒప్పేసుకున్నాడు.

మర్నాడు పొద్దున పెంటికలంటిన ఉన్ని రెండు చేతులా పట్టుకుని యంత్రం ముందు నిలబడ్డాను.

"ఏం చూస్తున్నావే? వెయ్."

"మామగారి పేరు మీద పెంట వెయ్యమంటావా?"

"రంగే కదే!"

"అత్తయ్యని అడుగు. ఆవిడేమంటే అదే."

కాపురానికొచ్చిన కొత్తలో, మామగారి పేరున్న ప్రశంసాపత్రం మీద తెలియక టీ గిన్నె పెట్టానని మూడు రోజులు నాకు తిండి పెట్టని మనిషి ఆవిడ. నా వంక చూసింది, యంత్రం వంక చూసింది.

"కోడళ్లు ఎలా వేస్తార్రా..." అంది చివరికి.

నా వెనక పదకొండు మందీ ఒక్కొక్కరే చేతిలో ఉన్ని కింద పెట్టేశారు. వాళ్లకీ ఆయన పెద్దమామగారే. మేదెర్ కిరసనాయిలు గుడ్డ తెచ్చాడు. "చెరిపేస్తా, అంతే కదా!"

అత్తయ్య అతని మణికట్టు పట్టుకుంది. "నేను బతికుండగా నీ తండ్రి పేరు చెరుపుతావట్రా?"

మూడు రోజులు అతనే వేశాడు, తిట్టుకుంటూ. ఉన్ని ఉండలు కట్టి యంత్రం ఆగిపోయేది. దాన్ని విప్పడం నాకొచ్చు. నేను చెయ్యి పెట్టలేదు. నాలుగో రోజు అతనూ వదిలేశాడు. పన్నెండో రోజుకి ముప్పై జతలైనా కాలేదు. ఆ సాయంత్రం నా పక్కన కూలబడి, పందొమ్మిదేళ్లలో మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచాడు.

"బురుల్, ఈ ఆర్డరు పోతే మనం వీధిన పడి అడుక్కుతినాలి."

"అడుక్కుందాం" అన్నాను. "'మీరెవరింటి వాళ్లు?' అని అడిగితే మాత్రం నువ్వే చెప్పాలి. నేను కోడల్ని, ఆ పేరు పలకకూడదు."