హెడ్డాఫీసు నంబరు

దేవకృప రిసీవరును చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, కుడిచేత్తో మౌసు కదిపింది.

"కాదు బాబూ, ఇది మా ఆఫీసు నంబరు. కౌంటర్ల పిల్లలు ఇదే కొట్టేస్తరు. నీ పార్సిలు సంగతి బ్రాంచిల అడుగు. పెట్టెయ్యి."

తెర మీద నలభై సర్వర్లు. ఒక్కటి తప్ప అన్నీ పని ముగించి ఆకుపచ్చగా ఉన్నాయి. ఆ ఒక్కటీ ఎర్రగా, ఇంకా సగంలోనే ఉంది. రోజూ ఇంతే.

సికింద్రాబాద్‌లోని ఆ కొరియర్ కంపెనీలో ఇరవై రెండేళ్లుగా ఆమెది ఇదే కుర్చీ. యాభై దాటిన పొట్టి మనిషి. చెప్పులు విప్పేసి, వాచిన పాదాలను సీపీయూ డబ్బా మీద పెట్టుకుంటుంది. మెడకూ చెంపలకూ దట్టంగా పౌడరు. మెట్టుగూడలో ఒంటిగది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఈ ఉద్యోగం పోతే ఈ వయసులో ఇంకొకటి దొరకదు.

పార్సిళ్ల పట్టికను ఖాతాదారుల పట్టికతో ఫోన్ నంబరు ఆధారంగా కలిపి, రోజూ బ్రాంచిలకు లిస్టు పంపడం ఆమె పని. ఒకే నంబరున్న వరుసలన్నీ ఒకే సర్వరుకు వెళ్తాయి. చిక్కంతా అక్కడే. నంబరు చెప్పని వాళ్లెవరైనా వస్తే గుమాస్తాలు హెడ్డాఫీసు నంబరు కొట్టేస్తారు. ఏళ్ల తరబడి కొట్టారు. సగం పార్సిళ్లు ఆ నంబరు మీదే ఉన్నాయి. వాటిని ఒక్క సర్వరే మోయాలి. అది మధ్యలో కూలబడితే మళ్లీ లేపడానికి ఒక మనిషి కాపలా ఉండాలి. ఆ మనిషి దేవకృప. ఆ నంబరు ఫోనూ ఆమె టేబులు మీదే.

"అక్కా, ఫోన్!" పక్క సీటు హరికిషన్ తలెత్తకుండానే అరిచాడు.

"నీకు చేతుల్లేవా?"

"నీ గొంతింటెనే వాళ్లకు తసల్లీ. నేనెత్తితే తిడ్తరు."

కాసేపటికి మేనేజరు ఉదయ్ భాస్కర్ వచ్చాడు. కూర్చోలేదు.

"మేడమ్, లిస్టు మధ్యాహ్నం వస్తే బ్రాంచిలకు ఏం ఫాయిదా? ఇయ్యాల దీన్ని ఫాస్ట్ చెయ్యాలె. లేకుంటే పని బయటి కంపెనీకి ఇస్తరట. అప్పుడు మీ సీటుకు నేను గ్యారంటీ ఇయ్యలేను."

"చేస్త సార్."

మార్గం ఆమెకు ముందే తెలుసు. ఇదివరకు రెండుసార్లు అడిగితే, నడుస్తున్న దాన్ని ముట్టుకోవద్దన్నారు పైవాళ్లు. ఇప్పుడు ముట్టుకుంది. పార్సిళ్ల పట్టికలో ఆ ఒక్క నంబరు ఎక్కడ కనిపించినా దాని చివర ఒక తోక అంకె తగిలించింది. ఒకటి నుంచి పదహారు దాకా, ఏదో ఒకటి. నడిపింది. ఆ నంబరు పార్సిళ్లు లిస్టులోకి ఒక్కటీ రాలేదు. తోకలున్న నంబర్లు ఖాతాదారుల పట్టికలో లేవు మరి. అక్కడి హెడ్డాఫీసు వరుసను పదహారు నకళ్లు తీసి, ఒక్కోదానికి ఒక్కో తోక పెట్టింది. మళ్లీ నడిపింది.

ఈసారి ఒక్క నంబరు పదహారు నంబర్లయ్యేసరికి బరువు చాలా సర్వర్ల మధ్య చెదిరిపోయింది. చేతిలోని చాయ్ చల్లారకముందే తెరంతా పచ్చబడింది. పాత లిస్టుతో సరిపోల్చింది. తేడా లేదు.

"అక్కా, జాదూ చేసినవ్ పో! దావత్ ఎప్పుడు?"

"రేపే. బిర్యానీ నేనే తెస్త." ఆ రోజు మొదటిసారి నవ్వింది.

సాయంత్రం ఉదయ్ భాస్కర్ తెరను వంగి చూశాడు.

"ఇంక మధ్యల ఆగదు కదా? ఎవరన్న కూసొని చూడాల్నా?"

"అక్కర్లేదు సార్. దానంతటదే అయిపోతది." ఆమె గొంతులో గర్వం.

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లలో ఏ మేనేజరూ ఆ టేబులు దగ్గర కూర్చోలేదు.

"పైనోళ్లు గదే అడగమన్నరు మేడమ్. కాపలా పని లేకుంటే ఈ సీటు తీసేస్తమన్నరు. మీరు ఇంకోలా చెప్తరేమో అనుకున్న."

దేవకృప కాళ్లతో టేబులు కింద చెప్పులు వెతుక్కుంది. ఒకటి దొరికింది. రెండోదాని కోసం వంగాల్సి వచ్చింది. టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుంది. హరికిషన్ చాయ్‌కి వెళ్లాడు. అతని కోసం ఆగలేదు.

మర్నాడు కౌంటర్లు తెరవకముందే లిస్టు వచ్చేసింది. ఫోను మోగింది.

"అక్కా, ఫోన్!" హరికిషన్ తలెత్తకుండానే అరిచాడు. తర్వాత తలెత్తాడు.

అది మోగి మోగి ఆగింది. నల్లటి రిసీవరు మీద, చెంప ఆనే చోట, తెల్లగా పౌడరు మరక.