కుడివైపు తిరిగే అమ్మ

పొద్దున్నే అమ్మను భుజాలు పట్టి గుమ్మానికి ఎదురుగా సరిచేశాకే బుజ్జి పనిలో కూర్చునేది. నలభై దగ్గరపడుతున్నా ఇంట్లో ఆమె ఇంకా బుజ్జే. అమ్మ నిలుచున్నా, కూర్చున్నా, గడియారం ముల్లులా నెమ్మదిగా కుడివైపుకు తిరిగిపోతుంది. కొన్నేళ్ళుగా అంతే. కబుర్లకొచ్చిన పక్కింటావిడ కూడా జారిన కళ్ళజోడు సర్దుకున్నంత మామూలుగా అమ్మను తనవైపు తిప్పుకుని మాట కొనసాగిస్తుంది.

బుజ్జి ఇంట్లోనే సెన్సర్లు తయారుచేస్తుంది. కళ్ళకు హెడ్‌సెట్ తగిలించుకుని వీడియో గేములు ఆడేవాళ్ళు వాటిని నడుముకూ కాళ్ళకూ కట్టుకుంటే, ఆటలోని బొమ్మ అచ్చం వాళ్ళలాగే నడుస్తుంది, గంతులేస్తుంది. వైర్ల గొడవ లేదు. అగ్గిపెట్టెంత డబ్బా, లోపల ఒక చిప్, చిన్న బ్యాటరీ, కట్టుకోవడానికి ఎలాస్టిక్ పట్టీ. కొన్నవాళ్ళందరికీ చిలక్కి చెప్పినట్టు చెబుతుంది: స్విచ్ వేసేటప్పుడు బల్లమీద కదలకుండా ఉంచండి, నిశ్చలం అంటే ఏమిటో అది అప్పుడే నేర్చుకుంటుంది.

ఈమధ్య అమ్మ తిరుగుడు జోరందుకుంది. మొన్న ఎటు తిరిగితే అటే నడుచుకుంటూ పెద్దరోడ్డు మధ్యకు వెళ్ళిపోయింది. సంగతి తెలిసి అన్నయ్య వచ్చాడు.

"ఆదివారం తీసుకెళ్ళి వృద్ధుల హోమ్‌లో చేర్చేస్తాను. అక్కడ మంచాలకి పట్టీలుంటాయట."

"అమ్మని కట్టేస్తారా అన్నయ్యా?"

"మరేం చెయ్యమంటావే? నువ్వు రోజంతా పట్టుకుని కూర్చుంటావా?"

బుజ్జికి చేతనైంది ఒక్కటే. అమ్మ పక్కకు తిరగ్గానే వణికి హెచ్చరించే సెన్సర్ చేద్దామనుకుంది. ఒకటి వేడెక్కి కాలిపోయింది, ఇంకొకటి ఛార్జే ఎక్కలేదు. మూడోదాని మూత బిగిస్తుండగానే ఆదివారం వచ్చేసింది, బయట అన్నయ్య కారు హారన్ వినిపించింది. కంగారులో డబ్బాను ముందు అమ్మ నడుముకు కట్టి, ఆ తర్వాత స్విచ్ వేసింది. అందరికీ చెప్పే మాట తనే మరిచిపోయింది. తిరుగుతున్న ఒంటిమీద మేలుకున్న సెన్సర్, ఆ తిరగడమే నిశ్చలం అనుకుంది.

అమ్మ ఆగిపోయింది.

అన్నయ్య కాఫీ తాగాడు, పేపరంతా చదివాడు. అమ్మ గుమ్మంవైపే చూస్తోంది. "బాగానే ఉందిగా" అని గొణిగి, సర్దిపెట్టిన బట్టల సంచిని లోపల పెట్టేసి వెళ్ళిపోయాడు.

బుజ్జి సంబరం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. సోల్డరింగ్ చేస్తుంటే బల్ల కుడివైపుకు జరిగిపోతోంది. కుర్చీ సర్దుకున్నా అదే వరస. జరిగేది బల్ల కాదు, తనే ఎడమవైపుకు తిరుగుతోంది. తిరగడం నిశ్చలమైతే నిశ్చలంగా కూర్చున్నవాళ్ళు తిరగాల్సిందే. ఆ ఇంట్లో అమ్మ కాక అలా కూర్చునేది ఇక తనొక్కతే.

సరిచేయడం చిటికెలో పని. డబ్బా విప్పి, ఆపి, బల్లమీద పెట్టి మళ్ళీ స్విచ్ వేస్తే చాలు. బుజ్జి వెళ్ళి అమ్మ నడుము పట్టీమీద చెయ్యి వేసింది. హోమ్‌లోని మంచం గుర్తొచ్చి ఏడుపు ముంచుకొచ్చింది.

"ఏమైందే?" అంది అమ్మ.

"ఏం లేదమ్మా. ఛార్జింగ్ ఎంతుందో చూస్తున్నా."

చెయ్యి తీసేసింది. ఇకపై దాన్ని ఆపకుండానే ఛార్జింగ్ పెట్టుకోవాలి.

సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు.

"అమ్మ ఎలా ఉందే?"

"నిలకడగా ఉందన్నయ్యా."

"నువ్వు?"

బుజ్జి అప్పటికి పూర్తిగా గోడవైపు తిరిగిపోయి ఉంది. "బాగానే ఉన్నాను" అని ఫోన్ పెట్టేసి, "అమ్మా, ఒకసారి వచ్చి నన్ను తిప్పవా?" అని కేకేసింది.

"వస్తున్నా తల్లీ" అంది అమ్మ వెనకెక్కడి నుంచో. మోకాళ్ళు పట్టుకుని లేవడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది.