మూడు ఛాయలు తెలుపు

పొద్దున తొమ్మిదికి కూర్చున్న హుమా ఒంటిగంటయినా కుర్చీలోంచి లేవలేదు. సింగపూర్‌లో పాయా లేబర్ పేటలోని ఆ స్టూడియోలో పద్దెనిమిది మంది రంగులు వేసేవాళ్ళున్నారు. జపాన్‌లో గీసిన యానిమేషన్ బొమ్మలకు ఇక్కడ రంగు పడుతుంది. ఇప్పుడు చేస్తున్నది అంతరిక్షంలో నడిచే కథ. శుక్రవారంలోగా ఆరువందల బొమ్మలు పంపాలి. డబ్బాలో తెచ్చుకున్న అన్నం అలాగే చల్లారిపోయింది.

ఆ సినిమాలో వ్యోమనౌకను నడిపే ఇంజనీరు పేరు ఇరా. భారతీయురాలు. నౌకలో ఉన్న ఎనిమిదిమందిలో నల్లని మనిషి ఆమె ఒక్కతే. ఆ రంగు హుమా కుదిర్చిందే. నౌకలోని నీలి దీపాల కింద ముఖం బూడిదలా మారిపోతుంటే మూడు వారాలు తంటాలుపడింది. చివరికి తన ముంజేతినే దీపం కింద పెట్టుకుని, చూసి వేసింది. బాగుందని దర్శకుడు టోక్యో నుంచి రాశాడు. నల్లగా ఉందని హైదరాబాదులో ప్రతి పెళ్ళి ఫొటోలోనూ వెనక వరసకు నెట్టించుకున్న మనిషి హుమా. ఆ ఒక్క మాట చదువుకుని ఆ రోజంతా తేలికగా తిరిగింది.

మేనేజరు సుధాకరరావు ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. కాకినాడ మనిషి, సింగపూర్ వచ్చి ఇరవయ్యేళ్ళయింది.

“భోంచేశావామ్మా?”

“ఇంకా లేదు సార్.”

“చిన్న మార్పమ్మా. ఇరాని మూడు ఛాయలు తెలుపు చేసెయ్. పోస్టర్ మీద మొహం కనపడట్లేదంట, డబ్బు పెట్టినోళ్ళు గొడవ చేస్తున్నారు.”

“డైరెక్టర్ ఒప్పుకున్నడా?”

“ఆయనకి తర్వాత చెప్పుకుంటార్లే.”

కంప్యూటర్‌లో ఒక అంకె మారిస్తే చాలు, అన్ని బొమ్మల్లోనూ ఇరా చర్మం మారిపోతుంది. హుమా ఆ అంకె వైపు చూసింది. కథలో చంద్రుడి మీది రేవులో సరుకు మోసే కూలీలకు కూడా అదే రంగు.

“మరి ఈ మోసేటోళ్ళు సార్? వీళ్ళని గూడ తెల్లగ చెయ్యాల్నా?”

“వాళ్ళనెందుకు? అలాగే ఉంచు. కూలోళ్ళకి నలుపే నప్పుతుంది. వాళ్ళ పక్కన ఇరా బాగా ఎత్తి కనపడుద్ది.”

గొంతు తగ్గించకుండానే అన్నాడు. బల్ల మీద ఆనించిన అతని చెయ్యి ఇరా కంటే నల్లగా ఉంది. తను ఉండే జురాంగ్ వెస్ట్ నుంచి వచ్చేటప్పుడు లారీ వెనక ఒకరి మీద ఒకరు కూర్చుని పనికి పోయే మనుషులను ఆమె రోజూ చూస్తుంది. రేవు కూలీల భుజాలను వాళ్ళను తలుచుకునే నింపింది.

సుధాకరరావు కాగితం ముందుకు జరిపాడు.

“ఇక్కడ సంతకం పెట్టు. సినిమా చివర వైవిధ్య సలహాదారు అని, అంటే రంగు, జాతి విషయాల్లో సలహా ఇచ్చినదానివని, నీ పేరు వేస్తారు. జపాన్ సినిమాలో మన తెలుగమ్మాయి పేరు, మాటలా? రేపెవడన్నా తిట్టినా, ఇండియన్ అమ్మాయే చూసి సరేనంది అని చూపించుకోవచ్చు.”

హుమాకు అప్పుడు అర్థమైంది. రంగు మార్చడానికి ఎవరైనా చాలు. వాళ్ళకు కావలసింది తన పేరు, తన పేరు వెనక తన చర్మం.

“నేను పెట్ట సార్.”

“నీ వర్క్ పాస్ రెన్యువల్ వచ్చే నెలే కదా.” ఆరోగ్యం అడిగినంత మెత్తగా అన్నాడు. “దానికి ఉత్తరం రాయాల్సింది నేనే.”

ఆ పాస్ లేకపోతే ఈ దేశంలో ఉండే వీల్లేదు. ఊళ్ళో అమ్మకు ఏం చెప్పాలో ఒక్క క్షణం ఆలోచించింది.

“ఎర్కే సార్. రంగు ఎవరితోనన్న మార్పించుకోండి. నేనైతే మార్చ. సంతకం చెయ్య. హుమా చూసి వద్దన్నదని గూడ రాసి పంపుండ్రి.”

చుట్టూ కీబోర్డుల చప్పుడు ఆగింది. సుధాకరరావు ముఖం మాడ్చుకుని కాగితాన్ని పక్క బల్ల మీదికి తోశాడు. అక్కడ కూర్చునే రాధది విజయవాడ; ఇద్దరు పిల్లల తల్లి. పచ్చని ఛాయ మనిషి.

“నువ్వు పెట్టమ్మా రాధా. నువ్వూ ఇండియనేగా.”

రాధ కాగితం చదివింది. ఆమె తెర మీద, పెట్టెల కింద వంగిన కూలీలు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళ ముఖాల్లో ఇంకా ఏ రంగూ పడలేదు.

“రాధా.”

ఆమె తల ఎత్తకుండానే పెన్ను అందుకుంది.