దిగమనని బండి

సూరయ్య మూడో థర్మాకోల్ పెట్టె మీద గోనెపట్టా కప్పి, డిక్కీ తలుపును రెండు చేతులతో దించాడు. అతని కుడిచేతికి మూడు వేళ్ళే ఉన్నాయి. మిగతా రెండూ గుజరాత్‌లో, వెరావల్ రేవులో, బోటు తాడు చుట్టే యంత్రంలో పోయాయి. అప్పటినుంచి ఏ తలుపునైనా రెండు చేతులతోనే వేస్తాడు.

ఇంకా ఆరు కాలేదు. సముద్రం మీంచి వచ్చిన ఇసుక కారు అద్దం మీద సన్నగా పేరుకుంది. పాత తువ్వాలుతో తుడిచాడు. ఉప్పుగాలికి తలుపుల అంచుల్లో అప్పుడే తుప్పు చుక్కలు లేచాయి. ప్రతి శనివారం వాటికి కొబ్బరినూనె రాస్తాడు. తన తలకి రాసుకోవడం ఎన్నడో మానేశాడు.

కారు కొని రెండేళ్ళయింది. తెల్లది. పొట్టి కారే గాని నేలకి ఎత్తుగా ఉంటుంది. పల్లెలో అందరూ దాన్ని ఎత్తుకారు అంటారు. ఇసుకబాటలో కూరుకుపోదు, వాన గుంటల్లో కడుపు తగలదు, మోకాళ్ళు అరిగిన మనిషి వంగకుండా ఎక్కి కూర్చోవచ్చు. ఈ మూడింటికోసం దాన్ని ఎంచింది అతని భార్య కూర్మమ్మ. చేపలు మొయ్యడానికి కారేమిటి, ట్రాలీ ఆటో కొనుక్కోమని చెప్పని వాళ్ళు లేరు. సూరయ్యా అదే చెప్పాడు. పదేళ్ళు వేరేవాళ్ళ ఐసు వ్యాను నడిపినవాడు, అతనికి తెలుసు. ఆమె వినలేదు.

కూర్మమ్మ కత్తిపీటను గోనెసంచిలో చుట్టి చంకన పెట్టుకుని వచ్చింది. పక్కింటి తవిటమ్మ గుమ్మంలో పళ్ళు తోముకుంటూ పలకరించింది.

"ఏటి వదినా, రాణీగారు కదిలినారా? మీ సేపలకి ఏసీ అంట, మాకేమో ఉక్క."

"సచ్చిన సేపకి సల్లదనం గావాల గానీ, నీకెందుకే? ఇంకా బతికే ఉన్నావు కదేటి," అంది కూర్మమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు.

ముందు సీట్లో కూర్చునే ముందు కూర్మమ్మ రోజూ ఒక పని చేస్తుంది. సీటు బెల్టు లాగి, ఖాళీ సీటుకే బిగించి, దాని ముందు తను కూర్చుంటుంది. బెల్టు వీపు వెనక ఉంటుంది. పెట్టుకోకపోతే కారు మోగుతుంది, పెట్టుకుంటే తాడేసి కట్టిన గేదెలా ఉంటుందని ఆమె బాధ. సూరయ్య మొదట్లో తిట్టాడు, తరవాత మానేశాడు. ఆమె దిగిపోయాక కూడా ఆ బెల్టు అలాగే బిగించి ఉండేది. రెండేళ్ళలో దాన్ని విప్పినవాళ్ళు లేరు.

ఆ కారుకి తాళం దూర్చే కన్నం లేదు. చింతగింజలాంటి నల్లటి తాళం కారులో ఎక్కడో ఉంటే చాలు, మీట నొక్కగానే కదులుతుంది. జేబులోంచి తియ్యక్కర్లేదని షోరూంలో కుర్రాడు గొప్పగా చెప్పాడు. సూరయ్య లుంగీకి జేబు లేదు. చొక్కా జేబులో వేసుకుంటే, చేపల మీదికి వంగినప్పుడు అది ఐసు పెట్టెలో పడింది. సగం పూట వెతికారు. వంజరం చేప కింద దొరికింది. ఆరోజు నుంచి తాళం కూర్మమ్మ కొంగుముడిలోకి చేరింది.

"నీ జేబుకి నోరు పెద్దది మావా," అంది. "నా కొంగులోంచి ఇప్పటిదాకా ఏదీ జారనేదు."

రెండో తాళం దేవుడి గూట్లో ఉంది. కారుకి పూజ చేసిన రోజు పసుపు రాసి, బొట్టు పెట్టి అక్కడ పెట్టింది. దాన్ని తాకనివ్వదు.

ఆమె పక్కన కూర్చుంటేనే కారు కదులుతుంది. శ్రీకాకుళం చేపల బజారులో ఆమె దిగేటప్పుడు ముడి విప్పి, తాళాన్ని గ్లాసు పెట్టే గుంటలో వేస్తుంది. సూరయ్య ఎచ్చెర్లలో హాస్టళ్ళకి చేపలు దింపి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి ఆమెను ఎక్కించుకుంటాడు. తాళం మళ్ళీ కొంగులోకి పోతుంది.

కారు మోతలన్నీ ఆమెకే తెలుసు. కోడి అడ్డమొస్తే ఒకలా, తలుపు పడకపోతే ఒకలా, పెట్రోలు తగ్గితే ఒకలా మోగుతుంది. మోగినప్పుడల్లా ముందున్న పలక మీద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. ఐదు దాకా చదివిన సూరయ్యకి అవి రావు. బడి గడప తొక్కని కూర్మమ్మ చెవితో పట్టేసింది. "ఇది నీ తలుపే మావా, సరిగ్గా ఎయ్యి," అనేది. అతనికి ఆ మోతంటే చిరాకు. కారు కాదు, అత్తగారు అనేవాడు.

శాలిహుండం దాటాక ఆమె ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని నొక్కుకుంది.

"సెయ్యి తిమ్మిరెక్కినాది మావా. రేత్రి నుంచి ఇలాగే ఉన్నాది."

"దాని మీదే తలెట్టుకుని తొంగున్నావు. మరేటవుద్ది?"

"గుండెల్లో కూడా పట్టినట్టుంది."

"నిన్న పకోడీలు తినొద్దంటే ఇన్నావేటి? సోడా తాగు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. అద్దంలోంచి రోడ్డు చూస్తోంది. ఈ రోడ్డు ఆమెకు అంగుళం అంగుళం తెలుసు. ముప్పై ఏళ్ళు ఈ దారినే బుట్టతో బస్సెక్కింది. బుట్టలోంచి చుక్క కారితే చాలు, కండక్టరు బెల్లు కొట్టేవాడు. "ఏయ్ సేపలావిడా, దిగు." ఎక్కడైతే అక్కడే దిగు. ఎండైనా, వానైనా దిగు. కూతురు యమున కడుపులో ఏడోనెల ఉండగా ఈ శాలిహుండం దగ్గరే దింపేశారు. బుట్ట నెత్తిన పెట్టుకుని శ్రీకాకుళం దాకా నడిచింది. ఆ రాత్రి పాదాలకు వేడినీళ్ళు కాపుకుంటూ ఒక్క మాటే అంది. దిగమనేవాళ్ళు లేని బండి ఒకటి గావాల. అప్పుడు సూరయ్య నవ్వాడు. ఇరవై ఆరేళ్ళ తరవాత ఆమె షోరూం గుమ్మంలో నిలబడినప్పుడు అతనికి ఆ మాట గుర్తులేదు. ఆమెకి గుర్తుంది.

బజారు దగ్గర కారు ఆగింది. వెనకనే బస్సు వచ్చి ఆగి హారన్ కొట్టింది. కూర్మమ్మ తల వంచుకుని కొంగుతో ఏదో చేస్తోంది. ఎడమచెయ్యి ఒళ్ళోనే ఉంది. కుడిచేత్తో కొంగు నోటికి ఎత్తుకుని పళ్ళతో లాగుతోంది. సూరయ్య అద్దంలో బస్సునే చూస్తున్నాడు. హారన్ మళ్ళీ మోగింది.

"ఇప్పుడే సర్దుకోవాలేటి నీ కొంగు? ఎనకాల బస్సోడు మీదికొచ్చేత్తన్నాడు. దిగు. దిగు బేగి!"

ఆమె తలెత్తి అతనికేసి చూసింది. కొంచెం నవ్వింది.

"నువ్వూ దిగమన్నావేటి మావా?"

కత్తిపీట తీసుకుని దిగింది. తలుపు మెల్లగా వేసింది.

కారు కదలగానే మూడుసార్లు మోగింది. ఆ మోత సూరయ్య ఎరగనిది. పలక మీద పసుపు అక్షరాలు పడ్డాయి. తలుపు సరిగా పడలేదనుకుని తన తలుపు తీసి మళ్ళీ వేశాడు. అక్షరాలు పోలేదు. "నస," అన్నాడు. ఇది ఏమిటని అడగడానికి పక్కన ఆమె లేదు.

ఎచ్చెర్లలో హాస్టలు వంటశాల ముందు కారు ఆపి పెట్టెలు దింపాడు. మెస్ చూసుకునే కన్యాకుమారి చేప మొప్పలు ఎత్తి చూసి, బాగున్నాయంది. వాచ్‌మన్ ఎల్లాజీ టీ ఇచ్చాడు. సూరయ్య గోడ నీడలో నిలబడి తాగుతున్నాడు. ఫోను మోగింది. బజారులో కూర్మమ్మ పక్కన కూర్చునే ధనలక్ష్మి.

"అన్నియ్యా, వదినకి బాగోనేదు. సెమటలు కారిపోతన్నాయి. ఆటో పిలుస్తానంటే వద్దంతంది. మా కారొస్తాది, మా కారులోనే ఎల్తానంతంది. బేగి రా."

"పావుగంట. నీడన కూకోబెట్టు. వస్తన్నాను."

టీ గ్లాసు గోడ మీద పెట్టి కారులో కూర్చుని మీట నొక్కాడు. కారు మోగింది గాని కదలలేదు. మళ్ళీ నొక్కాడు. బ్రేకు తొక్కిపట్టి నొక్కాడు. దిగి బానెట్ ఎత్తాడు. ఏ తీగను ముట్టుకోవాలో తెలియలేదు. అంతా నల్లటి మూతల కింద ఉంది. వ్యానైతే తెలిసేది. మూత దించి మళ్ళీ కూర్చుని మీటను గుద్దాడు.

"బేటరీ పోయుంటాది," అన్నాడు ఎల్లాజీ. "తోసి సూద్దామా?"

ఎల్లాజీ, ఇద్దరు వంటమనుషులు వెనకనుంచి తోశారు. అరగజం కూడా కదలలేదు. సూరయ్య లోపల కూర్చుని, బ్రేకు మీద కాలు తియ్యకుండా మీట నొక్కుతూనే ఉన్నాడు. నొక్కినప్పుడల్లా అవే పసుపు అక్షరాలు. ఫోను మళ్ళీ మోగింది.

"ఎంతదాకా వచ్చినావు అన్నియ్యా?"

"వచ్చేత్తన్నాను," అన్నాడు సూరయ్య. కారు పెట్టినచోటే ఉంది.

అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది. కారు చెడింది, ఆటో ఎక్కించు అంటే అయిపోయేది. చెప్పలేదు. ఇంకోసారి నొక్కితే కదులుతుందనుకున్నాడు. సొంత కారు ఉన్నవాడు ఆటో మాట ఎలా అంటాడు అనుకున్నాడు. అలా ఇరవై నిమిషాలు గడిచాయి.

కన్యాకుమారి చేతులు తుడుచుకుంటూ వచ్చి కిటికీలోంచి తొంగిచూసింది.

"అదేటి రాసినాదో సూసినావా బాబాయ్?"

"నాకు రాదమ్మా. ఏటంతంది?"

"తాళం కారులో నేదంటంది. తాళమేదీ?"

సూరయ్య గ్లాసు పెట్టే గుంటలోకి చూశాడు. ఖాళీగా ఉంది. బజారులో ఇంజను ఆపలేదు కాబట్టి ఇక్కడిదాకా వచ్చింది, ఆపాక తాళం లేకుండా మళ్ళీ లేవదు. చొక్కా జేబు తడుముకున్నాడు. మరి వెతకలేదు. వంచిన తల, పళ్ళతో లాగుతున్న కొంగు, ఒళ్ళో కదలని ఎడమచెయ్యి, అన్నీ ఒక్కసారిగా కనబడ్డాయి. పొద్దున కనబడ్డవే. అప్పుడు చూడలేదు, అంతే.

ఫోను చేశాడు. వేలు జారి రెండుసార్లు తప్పు నంబరు పడింది.

"ధనలక్ష్మీ, ఆటో ఎక్కించీ. కారు రాదు."

"ఎక్కించీసినాం అన్నియ్యా," అంది ధనలక్ష్మి. "కారొస్తాది, కారొస్తాది అని ఎక్కనని కూకున్నాది. ఇంతసేపూ. ఇప్పుడు మాటాడ్డం మానేసినాది. అప్పుడెక్కించినాం."

ఎల్లాజీ మోటారుసైకిల్ తీశాడు. హైవే మీద పన్నెండు నిమిషాలు. సూరయ్య వెనక కూర్చున్నాడు. చెప్పులు హాస్టల్లోనే వదిలేశాడని ఆసుపత్రి మెట్లు తగిలాక తెలిసింది.

వరండాలో ధనలక్ష్మి గోడకి చేరగిలి కూర్చుంది. పక్కన గోనెసంచిలో కత్తిపీట. అతన్ని చూసి లేవలేదు. ఏడుపూ మొదలుపెట్టలేదు. లోపలికి వెళ్ళమని చెయ్యి చూపించింది.

కూర్మమ్మకి ముఖం కూడా మూసి దుప్పటి కప్పారు. డాక్టరు ఏదో చెప్పాడు. ముందు తెస్తే అన్నాడో, ముందు తెచ్చినా అన్నాడో సూరయ్యకి తెలియదు. మళ్ళీ అడగలేదు. ఆ రెండింటిలో ఏదీ అతనికి పనికిరాదు.

దుప్పటి కిందనుంచి కొంగు జారి మంచం పక్కన వేలాడుతోంది. చివర ముడి ఉంది. పళ్ళతో లాగినచోట బట్ట ముడతలు పడి ఇంకా తడిగా ఉంది. ముడి సగం వదులయింది. లోపల నల్లగా, చింతగింజలా తాళం. ఇంకొక్క లాగు లాగితే వచ్చేసేది. హారన్ ఇంకొక్కసారి మోగేంత సేపు.

సూరయ్య ఆ ముడిని మూడు వేళ్ళతో పట్టుకుని నిలబడ్డాడు. అవతలి మంచం పక్కనున్న మనిషి కొంచెం జరగమంటే జరిగాడు.

అంత్యక్రియలు అయ్యాయి. నాలుగోరోజు పొద్దున ఎల్లాజీ ఫోను చేశాడు. కారు హాస్టలు గేటుకి అడ్డంగా ఉంది, ఖాళీ పెట్టెలు కంపు కొడుతున్నాయి, వార్డెన్ అరుస్తున్నాడు. యమున లేచి దేవుడి గూట్లో చెయ్యి పెట్టింది.

"నాన్నా, రెండో తాళం ఉంది కదా. ఇది పట్టుకెల్లు."

"అక్కడెట్టీ," అన్నాడు సూరయ్య. "అది మీయమ్మది."

మరి జేబులో ఉన్న తాళం ఎవరిదని యమున అడగలేదు. చీరంతా సాగనంపేటప్పుడు ఆమె వంటిమీదే పోయింది. దానికి ముందు సూరయ్య జానెడు కొంగు కత్తిపీట మీద పెట్టి కోశాడు. ముడితో సహా చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎవరూ అడ్డుచెప్పలేదు.

బస్సెక్కాడు. శాలిహుండం దగ్గర బస్సు ఆగితే ఎందుకో అతనూ లేచి నిలబడ్డాడు.

"దిగుతావేటి తాతా?" అన్నాడు కండక్టరు.

సూరయ్య కూర్చున్నాడు.

కారు వదిలినచోటే ఉంది. మీద వేపాకు రాలింది. గోడ మీద అతను పెట్టిన టీ గ్లాసు ఎవరో తీసేశారు. డిక్కీలోంచి కుళ్ళిన నీచువాసన వస్తోంది. ఎల్లాజీ ఏదో అనబోయి, అతని ముఖం చూసి గేటు తియ్యడానికి వెళ్ళిపోయాడు.

సూరయ్య ఎక్కి తలుపును రెండు చేతులతో వేశాడు. జేబులోంచి కొంగుముక్క తీశాడు. ముడి విప్పలేదు. గుంటలో వెయ్యబోయి, ఆగి, పక్క సీట్లో ఆమె కూర్చునేచోట పెట్టాడు. మీట నొక్కాడు.

ఒక్క నొక్కుకే కారు కదిలింది. ఏదీ మోగలేదు, ఏ అక్షరమూ పడలేదు. పక్క సీట్లో బెల్టు ఎప్పటిలాగే బిగించి ఉంది.